బర్మా వెళ్లిన చిన్నతాత ఏమయ్యారు?

ప్రశ్న: మా చిన్నతాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి తిరిగిరాలేదు. ఇంట్లో రెండు పతకాలున్నాయి. ఆయన ఏమయ్యారో తెలుసుకోవచ్చా?

జవాబు: ముందు పతకాలను భూతద్దంతో చూడండి. గుండ్రని పతకానికి అంచు మీద, నక్షత్రం ఆకారపు దానికి వెనకవైపు సర్వీసు నంబరు, పేరు, దళం పొడి అక్షరాల్లో ఉంటాయి. తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

తర్వాత యుద్ధంలో మరణించినవారి సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకండి. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సైనిక సర్వీసులో ఉండగా చనిపోయినవారి వివరాలు అందులో ఉన్నాయి. చాలామంది ఇంటిపేరుతో వెతికి నిరాశపడతారు. అప్పట్లో తరచూ ఒంటి పేరే, అదీ విన్నట్టుగా రాసుకున్నారు. కాబట్టి నంబరుతోనే మొదలుపెట్టండి. ఊళ్లకూ పాత పేర్లే: బెజవాడ (విజయవాడ), విజగపటం (విశాఖపట్నం), కోకనాడ (కాకినాడ).

బర్మాలో చనిపోయి సమాధి తెలియనివారు సుమారు 27 వేలమంది పేర్లు రంగూన్ దగ్గరి తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకంపై ఉన్నాయి. అక్కడ పేరు దొరికితే దళం, తేదీ తెలిసినట్టే.

పేరు లేకపోతే ఆశ వదులుకోవద్దు. దళాన్ని బట్టి రికార్డ్స్ ఆఫీసుకు నంబరుతో సహా రాయండి: మద్రాస్ రెజిమెంట్‌కైతే తమిళనాడులోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్స్‌ (సైనిక ఇంజనీర్ల దళం)కైతే బెంగళూరు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని కూడా అడగండి.