తుక్కడా తుక్కు కాదు

సందేహం: మాది విజయనగరం. మా అబ్బాయికీ వాడి స్నేహితులకూ కర్ణాటక సంగీత కచేరీల పిచ్చి. ఎప్పుడూ "ఈవేళ మెయిన్ ఏటి?", "తని అదిరిపోయింది", "తుక్కడాలకి ఉంటావా, లేచిపోతావా?" ఇవే మాటలు. మొన్న వాడు ఒక జావళిని, అంటే చిన్న శృంగార గీతాన్ని, తుక్కడా అన్నాడని మా నాన్నగారు "జావళి నీకు తుక్కురా?" అని కేకలేశారు. తుక్కడా అన్నది తుక్కులోంచి వచ్చిందా? తని అంటే తనివి తీర్చేదనా?

సమాధానం: మీ నాన్నగారి కోపం న్యాయమైనదే కానీ, వ్యుత్పత్తి తప్పు. తుక్కడాకూ చెత్తాచెదారానికీ చుట్టరికం లేదు. హిందీలో టుకడా, మరాఠీలో తుకడా, రెంటికీ అర్థం ముక్క అనే. కచేరీ వాళ్ల నోట మొదటి అక్షరం "ట" కాదు, "త". కర్ణాటక సంగీతానికి పెద్ద నెలవైన తంజావూరును 1676 నుంచి 1855 దాకా ఏలింది మరాఠాలు. కాబట్టి ఇది మరాఠీ దారిన వచ్చిందనే నాకు అనిపిస్తుంది.

ముక్క అంటే చులకన అనుకోవద్దు. "మంచి ముక్క చెప్పారు" అని మనం మెచ్చుకోలుగానే అంటాం కదా! గాయకుడు అరియకుడి రామానుజ అయ్యంగారు (1890–1967) స్థిరపరచిన కచేరీ పద్ధతిలో ముందు వర్ణమనే ఆరంభ రచన, మధ్యలో పెద్ద కీర్తన, ఆ తరవాత పదాలనే శృంగార గీతాలు, జావళీలు, జతులతో సాగే తిల్లానా, చివర మంగళం వస్తాయి. ఆ పెద్ద కీర్తనే మీవాడు చెప్పే మెయిన్. అది అయ్యాక పాడే చిన్నవి తుక్కడాలు. ఈ పేరు చెప్పేది వాటి నిడివినీ చోటునూ, అంతే. చులకన ఏదైనా ఉంటే అది లేచిపోయేవాళ్లది, మాటది కాదు.

తని సంగతి ఇంకా తమాషా. తనియు అంటే తృప్తిపడు, అందులోంచే తనివి వచ్చింది. అది మన మాట. కచేరీలో తని మాత్రం తమిళం, ఒంటరి, విడి అని అర్థం. పాట ఆపి మృదంగాన్ని విడిగా వాయించనివ్వడం తని ఆవర్తనం. ఆ పేరులో సగాన్నే కుర్రాళ్లు వాడుతున్నారు. అయినా తని మొదలవగానే కాఫీకి లేచే శ్రోతలు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లను చూశాక తనివి అన్న వ్యుత్పత్తి ఎలా అతుకుతుంది?

కొత్త మాటలో పాత మాట వినబడడం చెవికి అలవాటే. వయొలిన్‌ను మనవాళ్లు వాయులీనం చేశారు. అది అసలు సంస్కృతమేనని చిన్నప్పుడు నేనూ నమ్మాను. గాలిలో లీనమైనదట! తీగల మీద కమాను లాగితే పలికే వాద్యానికి వాయువుతో ఏం పని? ఆ కమాను కూడా పారసీకమే. మీ ఊళ్లో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. దాసుగారు అచ్చతెలుగు మీద ప్రాణం పెట్టినవారు, అయినా పారసీకం నేర్చుకున్నారు. ద్వారం వారినేమో జనం ఫిడేలు నాయుడుగారు అన్నారు. ఇంగ్లీషు ఫిడేలు వచ్చి చేరినంత మాత్రాన ఆయన పేరుకు మైల అంటలేదు. అంతెందుకు, కచేరీ అన్న మాటే కలెక్టరు కచేరీతో పంచుకున్నది!

"మెయిన్ ఏటి?" అన్న ప్రశ్నలో మెయిన్ ఇంగ్లీషు, ఏటి మీ ఊరిది. స్నేహితుల మధ్య దాన్ని దిద్దాల్సిన పనిలేదు. ప్రధాన కీర్తన అని అడగమంటే ఆ పిల్లలు నవ్వుతారు. అచ్చువేసే కరపత్రంలో మాత్రం "తుక్కడాలు" అని తేల్చేయకుండా పదం, జావళి, తిల్లానా అని దేని పేరు దానికి వేయించమనండి. నాన్నగారికి అంతకన్నా కావలసింది ఉండదనుకుంటాను.