అవార్డు ఉత్తరం వచ్చాకే రాజీనామా

ప్రశ్న: అమెరికాలో ఒక పబ్లిక్ స్కూల్లో పదకొండేళ్లుగా స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌గా పనిచేస్తున్నాను. భిన్నాల దగ్గర తడబడే పిల్లల కోసం యాప్ తయారుచేయాలని ఉంది. ఇలాంటివాటికి ఇక్కడి ప్రభుత్వం చిన్న కంపెనీలకు రెండున్నర లక్షల డాలర్ల గ్రాంటు ఇస్తుందని విన్నాను. ఈ వేసవిలో ఉద్యోగం మానేసి, 403బీ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలోంచి 60 వేల డాలర్లు తీసి మొదలుపెడదామనుకుంటున్నాను. కోడింగ్ హైదరాబాద్‌లో మా తమ్ముడి టీమ్ చూసుకుంటుంది. నాకు 41 ఏళ్లు. మావారి జీతంతో ఇల్లు గడుస్తుంది, ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది. ఏమంటారు?

జవాబు: యాప్ చేయండమ్మా. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి, 403బీ జోలికి అసలు వెళ్లకండి.

మీరు విన్న పథకం పేరు ఎస్‌బీఐఆర్, అంటే స్మాల్ బిజినెస్ ఇన్నొవేషన్ రీసెర్చ్. 1982లో వచ్చిన చట్టంతో మొదలైంది. పెద్ద పరిశోధన బడ్జెట్ ఉన్న ఫెడరల్ శాఖలు అందులో కొంత వాటా చిన్న కంపెనీలకు కేటాయించాలన్నది దాని సారాంశం. విద్యాశాఖ ఇటీవలి సంవత్సరాల్లో మొదటి దశకు 8 నెలల పనికి 2,50,000 డాలర్ల దాకా, అందులో నెగ్గినవాళ్లకు రెండో దశలో రెండేళ్లకు 10 లక్షల దాకా ఇచ్చింది. కంపెనీలో వాటా అడగరు, తిరిగి కట్టక్కర్లేదు. అయితే విద్యాశాఖ ఇచ్చేది నిజానికి గ్రాంటు కాదు, కాంట్రాక్టు. చేస్తానన్న పని చేసి, రిపోర్టు చూపిస్తుంటే విడతలవారీగా డబ్బు వస్తుంది. దరఖాస్తు రాయడానికయ్యే ఖర్చు, ఎంపిక కాకముందు పెట్టిన ఖర్చు మీవే. 403బీ డబ్బుతో మొదలుపెట్టకూడదనడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం లెక్క. 59న్నర ఏళ్లు నిండకముందు తీస్తే మామూలుగా 10 శాతం జరిమానా, అంటే 6,000. మీరిద్దరూ 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే ఫెడరల్ పన్ను 13,200. రాష్ట్రం పన్ను కలపకముందే 60 వేలు 40,800కి దిగాయి. పిల్లల భిన్నాల కోసం మీ ముసలితనం నుంచి అప్పు తెచ్చుకోవద్దు.

ఇక ఉద్యోగం. ప్రాజెక్టుకు ప్రధాన పరిశోధకురాలిగా ఉండేవాళ్ల (ఇక్కడ మీరే) ప్రధాన ఉద్యోగం ఆ చిన్న కంపెనీలోనే ఉండాలన్న నిబంధన ఉంది. ఇది చూసి చాలామంది దరఖాస్తుకు ముందే రాజీనామా ఇచ్చేస్తారు. సరిగ్గా చదవండి. ఆ షరతు వర్తించేది అవార్డు, అంటే ఆ కాంట్రాక్టు, ఇచ్చేటప్పుడు, ప్రాజెక్టు నడిచినన్నాళ్లూ. దరఖాస్తు రోజున కాదు. మొదటి దశ 8 నెలలు, ఇంచుమించు ఒక విద్యాసంవత్సరం. ఎంపికైతే ఏడాది జీతం లేని సెలవు దొరుకుతుందేమో స్కూల్లో అడగండి. మొదటి దశ అయ్యాక రెండో దశ డబ్బు చేతికొచ్చేలోపు నెలలు గడుస్తాయి, అప్పుడు తిరిగి వెళ్లడానికి ఉద్యోగం ఉంటే నిద్ర పడుతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ఇప్పుడు మీ స్కూలు ద్వారా ఉంటే, మీవారి ప్లాన్‌లోకి మారితే నెలకెంతో ఈలోపే కనుక్కోండి.

తమ్ముడి టీమ్ విషయం మీకు నచ్చకపోవచ్చు. ఈ నిధులతో జరిగే పరిశోధన, అభివృద్ధి పని అమెరికాలోనే జరగాలి. మినహాయింపులు అరుదు. పైగా మొదటి దశలో మూడింట రెండు వంతుల పని మీ కంపెనీయే స్వయంగా చేయాలి. అంటే కోడర్‌ని ఇక్కడే, ఇక్కడి జీతానికే పెట్టుకోవాలి. ఏడాదికి 1,20,000 చొప్పున 8 నెలలకు 80,000. మీకు 75,000 చొప్పున 50,000. సగానికి పైగా ఇక్కడే అయిపోయింది. ఇంకా పేరోల్ పన్నులు, బడుల్లో పరీక్షించే ఖర్చు, అకౌంటెంట్. కంపెనీకి లాభంగా సాధారణంగా 7 శాతం దాకా ఫీజు అడగొచ్చు, అంటే మొత్తంలో 16,000 చిల్లర. యజమానిగా మిగుల్చుకోగలిగేది అంతే.

అర్హతలో మీకు ఇబ్బంది లేదు. లాభాపేక్షతో నడిచే కంపెనీ కావాలి, ఉద్యోగులు 500 మించకూడదు, సగానికి పైగా వాటా అమెరికా పౌరులదో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలి. ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత ఉండే చిన్న కంపెనీ) పెట్టి వాటాలు రాసేటప్పుడు తమ్ముడికి సగం ఇవ్వకండి.

నా దగ్గరికి వచ్చిన ఒక జంట గుర్తొస్తున్నారు. నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చుని ప్రతిపాదన రాశారు. శామ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చివరి వారానికి వాయిదా వేశారు. పన్నుశాఖ ఉత్తరంలో కంపెనీ పేరు చివర ఎల్‌ఎల్‌సీ ఉంది, వాళ్లు నింపిన ఫారంలో లేదు. అది సరిదిద్దేలోపు గడువు దాటింది. అప్పటికే ఇంటి మీద లోను తీసుకుని ఉన్నారు. ఆ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, వారాలు పడుతుంది, ఈ వారమే మొదలుపెట్టండి. డబ్బు కడితే చేయిస్తామని వచ్చే ఈమెయిళ్లకు జవాబివ్వకండి.

ఇంకో సంగతి. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ గడువు పొడిగిస్తూ ఉంటేనే ఈ పథకం నడుస్తుంది. 2022లో ఇచ్చిన పొడిగింపు 2025 సెప్టెంబర్ 30 వరకే. అందుకని ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూసుకున్నాకే రాయడం మొదలుపెట్టండి. ఒక్క విద్యాశాఖ మీదే ఆశ పెట్టుకోకండి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కూడా నేర్చుకునే సాధనాలకు ఇదే చట్టం కింద డబ్బిస్తూ వచ్చింది, మొదటి దశలో 3,05,000 దాకా ఇచ్చింది. అక్కడ ముందు ప్రాజెక్ట్ పిచ్ అనే చిన్న పరిచయ పత్రం పంపాలి, వాళ్లు రమ్మంటేనే పూర్తి ప్రతిపాదన. ఊరికే నెలలు పోవు కాబట్టి నేనైతే దానితోనే మొదలుపెడతాను.

ఆ పిచ్‌లో మార్కెట్ లెక్కలతో మొదలుపెట్టకండి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే, మూడు కంటే నాలుగు పెద్దది కదా అని నాలుగో వంతు మీద వేలు పెట్టే పిల్లాడిని మీరు పదకొండేళ్లుగా చూస్తున్నారు. ఆ వేలు ఎందుకు అక్కడికి వెళ్తుందో, మీ యాప్ దాన్ని ఎలా మళ్లిస్తుందో, మళ్లిందని ఎలా కొలుస్తారో రాయండి. వాళ్లు డబ్బిచ్చేది తేలని ప్రశ్నకు. అది మీ క్లాసులో ఉంది, ఈ కారణంగా కూడా ఇప్పుడే ఆ క్లాసు వదలకండి.