విదేశీయులతో మాట్లాడితేనే ఇంగ్లీషు వస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. అమ్మాయి పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇప్పుడు గుణుపురంలో బీటెక్ మూడో సంవత్సరం. మార్కులకు లోటు లేదు కానీ ఇంగ్లీషులో నోరు విప్పదు. చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, నాలుగు ముక్కలు మాట్లాడు’ అంటే గదిలోకి వెళ్లిపోతుంది. విశాఖలో మా అన్నయ్య కూతురు గడగడా మాట్లాడుతుంది. ఈమధ్య మా అమ్మాయి ఫోన్‌లో ఏదో యాప్ పెట్టుకుని విదేశీయులతో మాట్లాడి నేర్చుకుంటానంటోంది. నాకు భయం. అన్నయ్యేమో మూడు నెలలు విశాఖ పంపించి స్పోకెన్ ఇంగ్లీషులో చేర్చమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, ఇదే ప్రశ్న నన్ను రాయగడ వాళ్లు అడిగారు, బరంపురం వాళ్లు అడిగారు, అటు మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ వాళ్లూ అడిగారు. యాపా, కోచింగా అని పైకి అడుగుతారు. లోపలున్న దిగులు వేరు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి, ఉద్యోగానికి మరొకటి, ఈ మూడింటి మధ్య మా పిల్ల ఎటూ కాకుండా పోయిందేమో అని. ముందు ఆ దిగులు తీసి పక్కన పెట్టండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మీ ఊరు సరిహద్దు గీతకు అటు పడింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. అక్కడ తెలుగులో బేరమాడి, ఇంటికొచ్చి ఒడియాలో దరఖాస్తు రాసి, రాత్రి టీవీలో హిందీ వినే పిల్లకు భాష పట్టుబడదని ఎవరన్నారు?

ఆ పిల్లకు ఒడియా ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వీధిలో పిల్లలతో ఆడుతూ, తప్పో ఒప్పో మాట్లాడుతూ వచ్చింది. చుట్టాల ముందు నిలబెట్టి ‘ఏదీ, ఒడియాలో మాట్లాడు’ అని ఎవరూ అనలేదు. ఇంగ్లీషుకు మాత్రం మీరు ఇంట్లోనే పరీక్ష హాలు తెరిచారు. పైగా పక్కన మేనమామ కూతురితో పోలిక. ఇలా అంటున్నానని కోపం తెచ్చుకోకండి, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ గదిలోకి వెళ్లిపోవడమే. ఆ పిల్ల భయపడుతున్నది ఇంగ్లీషుకు కాదమ్మా, మీ ముందు చిన్నబోవడానికి. చుట్టాల ముందు అడగడం ఈ రోజుతో మానేయండి.

ఇక యాప్ సంగతి. విదేశీయుడు దొరికితే చాలు, ఇంగ్లీషు దానంతటదే వస్తుందనే నమ్మకం ఇప్పుడు పిల్లల్లో బాగా పెరిగింది. నాకు దాని మీద అంత నమ్మకం లేదు. హలోటాక్, టాండెమ్ లాంటివి ఇచ్చిపుచ్చుకునే లెక్క మీద నడుస్తాయి: నీ భాష నాకు నేర్పు, నా భాష నీకు నేర్పుతాను. తెలుగో ఒడియానో నేర్చుకుందామని కూర్చున్న ఇంగ్లీషువాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? ఇంగ్లీషు కావాలనేవాళ్లకు మాత్రం లెక్కే లేదు. అందుకే పంపిన మెసేజ్‌లకు జవాబు రాక పిల్లలు తమనే తప్పుపట్టుకుంటారు. గడియారం గొడవ ఒకటి. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే లండన్‌లో సాయంత్రం నాలుగో అయిదో, న్యూయార్క్‌లో ఇంకా మధ్యాహ్నం పన్నెండు దాటదు. అక్కడివాళ్లు పనుల్లో ఉండే వేళ అది. ఒకవేళ ఎవరైనా దొరికినా పేరేమిటి, ఊరేమిటి, ఏం చదువుతున్నావు, అంతటితో సరి. మర్నాడు ఇంకొకరు, మళ్లీ అవే మూడు ముక్కలు. నెల తిరిగేసరికి ఆ మూడే బాగా వస్తాయి.

మీ ఊళ్లో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాష ఎలా నేర్చారో తెలుసా? తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని అతనితో మాట్లాడి నేర్చుకున్నారు. 1938లో అచ్చయిన ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు అలా మొదలైన శ్రమే. మీ అమ్మాయికీ అలాంటి స్థిరమైన తోడే కావాలి. ఆ తోడు తెల్లవాళ్లే కానక్కర్లేదు. క్లాసులో తనలాగే తడబడే ఇద్దరు స్నేహితురాళ్లు చాలు, సెలవుల్లో గూగుల్ మీట్‌లో కలవచ్చు. ‘ఇద్దరికీ రాకపోతే ఒకరి తప్పులు ఒకరికి అంటవా?’ అని మీరు అడుగుతారు. మైకేల్ లాంగ్, ప్యాట్రీషియా పోర్టర్ అనే భాషాబోధన పరిశోధకులు 1985లో దీని మీదే రాశారు. నేర్చుకునేవాళ్లు తమలాంటివాళ్లతో ఉన్నప్పుడు ఎక్కువ మాట్లాడతారనీ, అందువల్ల తప్పులు పెరగవనీ వాళ్లు చూపించారు.

ఏం మాట్లాడాలో తెలియకపోతే పాల్ నేషన్ అనే భాషాబోధన పండితుడు చెప్పిన పద్ధతి ఒకటుంది. ఒకే విషయం, తన ప్రాజెక్టు గురించే అనుకోండి, మొదట ఒకరికి నాలుగు నిమిషాల్లో చెప్పాలి, అదే ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో. మూడోసారికి మాట వెతుక్కోవడం తగ్గుతుంది. ముగ్గురు దొరకని రోజు ఒకరితోనే చేయొచ్చు.

మొదటి పదిహేను రోజులు సిగ్గు పోవడానికి ఏఐ యాప్‌తో మాట్లాడుకున్నా మంచిదే. అది నవ్వదు, విసుక్కోదు. అక్కడే ఆగిపోతే మాత్రం ఎదుటి మనిషి మధ్యలో అడ్డుపడి ‘అర్థం కాలేదు’ అన్నప్పుడు తట్టుకోవడం రాదు.

మీ భయం ఉత్తదేమీ కాదు. ముక్కూ మొహం తెలియనివాళ్లను వీడియోలో కలిపే ఒమెగల్ 2023 నవంబరులో మూతపడింది, అలాంటివి ఇంకా ఉన్నాయి. వాటి వైపు వెళ్లవద్దనండి. కొత్తవాళ్లతో గొంతు మాత్రమే, వీడియో వద్దు. వాట్సాప్ నంబరు, ఇంటి అడ్రసు, కాలేజీ పేరు ఇవ్వకూడదు. రెండో రోజే ‘గిఫ్ట్ పంపుతా’ అనేవాణ్ణి, డబ్బు ఊసెత్తేవాణ్ణి అక్కడికక్కడే బ్లాక్ చేయాలి. మోసం జరిగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముందు, తప్పు జరిగినా మీతో చెప్పుకోగల ధైర్యం పిల్లకు ఉండాలి. ఫోన్ లాక్కుంటామని బెదిరిస్తే చెప్పదు.

విశాఖ కోచింగ్ చెడ్డదని అనను. ఏభై మంది క్లాసులో తన వంతు రోజుకు ఎన్ని నిమిషాలు వస్తుందో కనుక్కుని, అప్పుడు ఫీజు కట్టండి. మూడో సంవత్సరం మధ్యలో చదువు మాన్పించి మాత్రం పంపకండి.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు రాత్రి అరగంట ఆ పిల్ల తలుపేసుకుని స్నేహితురాళ్లతో మాట్లాడుకుంటుంది. ఆ అరగంట వంటింట్లోంచి పిలవకండి, తలుపు దగ్గర నిలబడి వినకండి.