ముందు మ్యాగజైన్, ఆ తర్వాతే స్లైడ్

చిరంజీవి బుజ్జమ్మకు చిన్నతాతయ్య ఆశీస్సులు.

అన్నయ్య పిస్తోలుకు వారసత్వపు లైసెన్సు నీ పేరు మీద వచ్చిందనీ, స్టేషన్‌లో డిపాజిట్ చేసినదాన్ని సోమవారం విడిపించుకుంటావనీ, వచ్చే నెలలో షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లి కాల్చి చూడాలనుకుంటున్నావనీ నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మగపిల్లలు ఇద్దరుండగా అది నీ చేతికి రావడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అయితే ఫోన్ పెట్టేశాక తెల్లవార్లూ కన్ను మూతపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

కాగితాల సంగతి నీకు చెప్పనక్కరలేదు. భద్రతా శిక్షణ సర్టిఫికెట్ కూడా తీసుకున్నావట, మంచిది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మాఘమాసంలో మీ పెదనాన్న కొడుకు పెళ్లి ఉంది. ఊరేగింపులో ఒక్కసారి గాలిలోకి పేల్చమని కుర్రాళ్లు నీ వెంట పడతారు. ఆ రోజు పిస్తోలు హైదరాబాద్‌లో బీరువాలోనే ఉండాలి. 2019లో చట్టం సవరించాక అలాంటి సరదాకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయినా నా భయం జైలు గురించి కాదు, పైకి వెళ్లిన గుండు ఎవరి నెత్తిన దిగుతుందో అని.

ఇక శుభ్రం చేసే విషయం. అది కోల్ట్ 1903 మోడల్, 32 బోరు. తూటాలు నింపి పిడిలోకి దూర్చే మ్యాగజైన్‌లో ఎనిమిది పడతాయి. తూటాను పేల్చే సుత్తి స్లైడ్ లోపల, అంటే పైన ముందుకూ వెనక్కీ జారే ఇనుప భాగం లోపల దాగి ఉంటుంది కాబట్టి ఎక్కి ఉందో దిగి ఉందో పైకి కనిపించదు. చివరి తూటా పేలాక స్లైడ్ వెనక్కి నిలిచిపోదు, ముందుకు వచ్చేస్తుంది. అంటే ఆ పిస్తోలు నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా చూడడానికి ఒక్కలాగే ఉంటుంది. ఈ మాట రెండుసార్లు చదువు.

ఎందుకు చదవమంటున్నానో ఇప్పటిదాకా మీ నాన్నకు కూడా చెప్పలేదు. 1973 సంక్రాంతికి నేను సెలవు మీద ఇంటికి వచ్చాను. అప్పటికి సైన్యంలోని ఈఎంఈ విభాగంలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా ఆరేళ్లు, చేతికింద వందల రైఫిళ్లు, ఒంటి నిండా గర్వం. తోటలోకి పందులు వస్తున్నాయని అన్నయ్య పిస్తోలు నింపి ఉంచుకునేవాడు. 'తమ్ముడూ, కాస్త తుడిచి పెట్టరా' అని నా చేతికి ఇచ్చి పెరట్లోకి వెళ్లాడు. నేను నడవలో కూర్చుని ముందు స్లైడ్ లాగాను. చాంబర్‌లో, అంటే గొట్టం వెనక పేలడానికి సిద్ధంగా ఉండే అరలో ఉన్న తూటా ఎగిరి చాప మీద పడింది. పనైపోయిందనుకుని స్లైడ్ వదిలేశాను. ఆ తర్వాత మ్యాగజైన్ తీశాను. స్లైడ్ ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను చాంబర్‌లోకి తోసుకుపోయిందన్న సంగతి, రోజూ జవాన్లకు పాఠం చెప్పే నాకు ఆ క్షణాన తట్టలేదు. పైపైన తుడిచి, పెట్టెలో పెట్టేటప్పుడు స్ప్రింగ్ బిగిసి ఉండకూడదని, పటాలంలో తనిఖీ చివర చేసే అలవాటు కొద్దీ ట్రిగ్గర్ నొక్కాను. తర్వాతి కాలంలో చేసిన వాటిలో మ్యాగజైన్ తీస్తే పేలకుండా ఆపే ఏర్పాటు పెట్టారు. మనదాంట్లో అది లేదు.

అప్పుడే మీ నాయనమ్మ చేటలో బియ్యం పట్టుకుని వంటింటి గడప దాటింది. గుండు ఆమె వెనకాల వేప ద్వారబంధంలో నడుము ఎత్తున దిగింది. చెవులు గింగురుమంటుండగా ఆమె చేతిలోని చేట జారడం చూశాను. బియ్యం నేల మీద పడిన చప్పుడు మాత్రం నాకు వినిపించలేదు. ఇప్పటికీ కలలో ఆ బియ్యం చప్పుడు లేకుండానే పడుతుంది. అన్నయ్య పరుగెత్తుకొచ్చి, ముందు ఆమెను చూసి, తర్వాత పిస్తోలు తీసుకుని, చాప మీద ఉన్న తూటాను, పక్కనే ఉన్న మ్యాగజైన్‌ను చూశాడు. 'ఏది ముందు తీశావు?' అని మాత్రం అడిగాడు. ఆ సెలవులో నాతో ఇంకో మాట మాట్లాడలేదు. ఆ ద్వారబంధంలో నువ్వు చిన్నప్పుడు వేలు పెట్టి ఆడుకున్న లక్క పూడిక మేకు గుంత కాదమ్మా. మేకు గుంత అని నీకు చెప్పింది నేనే.

కాబట్టి గొట్టం గోడ వైపు ఉండగా, వేలు ట్రిగ్గర్‌కు బయట ఉండగా, ముందు మ్యాగజైన్ తియ్యి. ఆ తర్వాత స్లైడ్ పూర్తిగా మూడుసార్లు లాగు. నాలుగోసారి వెనక్కి పట్టుకుని చాంబర్‌లోకి కళ్లతో చూసి, చిటికెనవేలితో తడిమి చూడు. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఎవరైనా పిలిచి నువ్వు లేచి వెళ్తే, తిరిగి వచ్చి అంతా మొదటి నుంచి చెయ్యి. నవ్వుకున్నా సరే, నోటితో పైకి చెప్పుకుంటూ చెయ్యి.

విప్పడం సులువే. స్లైడ్ మీది గీత ఫ్రేమ్ అంచుకు ఎదురుగా వచ్చేదాకా లాగి, బారెల్‌ను, అంటే గొట్టాన్ని తిప్పితే స్లైడ్ ముందుకు జారి వస్తుంది. బారెల్‌ను వెనక నుంచి తోము, మూతి అంచు అరగకూడదు. కొబ్బరినూనె వద్దు, అది జిగురు కడుతుంది. తుపాకీ నూనె పలచగా రాసి తుడిచేస్తే చాలు. చింతపండు, ఇటుకపొడి, గరుకు కాగితం దాని దరిదాపులకు కూడా తేవద్దు, అది ఇత్తడి చెంబు కాదు. తోలు ఒరలోనూ దాచకు, తోలు తేమ పట్టి ఇనుమును తింటుంది. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టెకు పెట్టు. ఏటేటా మీ నాయనమ్మ భక్తిగా పెట్టిన కుంకుమను స్లైడ్ గాడుల్లోంచి పుల్లతో గీకి తీసినవాణ్ణి నేను.

బారెల్ లోపల సన్నటి గుంతలు కనిపిస్తాయి. అవి అన్నయ్య అశ్రద్ధ వల్ల వచ్చినవి కావు. ఆ కాలపు తూటాల ప్రైమర్‌లో, అంటే అడుగున మొదట నిప్పంటించే మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలేది ఒక రకం ఉప్పు. అన్నయ్య కాల్చిన ప్రతిసారీ శ్రద్ధగా నూనె పట్టించేవాడు కానీ, ఉప్పు నూనెలో కరగదు. ముందు వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆపైన నూనె రాయాల్సింది. ఆ మాట నాకు తెలుసు. 1973 తర్వాత ఆ పిస్తోలు గురించి అన్నయ్యకు సలహా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

డబ్బాలో మిగిలిన పాత తూటాలు ఒక్కటి కూడా కాల్చకు, లైసెన్సున్న డీలరుకు అప్పగించు. పిస్తోలును ముందు ఆర్మరర్‌కు చూపించి, బారెల్‌లో చీలిక ఉందేమో పరీక్ష చేయించి, స్లైడ్‌ను ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ కొత్తది వేయించు. ఇన్నేళ్ల స్ప్రింగ్ మెత్తబడితే స్లైడ్ ప్రతిసారీ ఫ్రేమ్‌ను సుత్తిలా కొడుతుంది. రేంజ్‌లో కళ్లద్దాలు, చెవులకు మఫ్స్ పెట్టుకో; నా ఎడమ చెవి గతి నీకు తెలుసు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టం గురి వైపే ఉంచి అరనిమిషం ఆగు, కొన్ని ఆలస్యంగా పేలుతాయి. చప్పుడు ఉసూరుమని వస్తే ఇంకోసారి నొక్కనే నొక్కకు. గుండు బారెల్‌లోనే ఇరుక్కుని ఉంటే రెండోది బారెల్‌ను నీ చేతిలోనే పగలగొడుతుంది. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముట్టుకో, సీసం పొడి మంచిది కాదు.

మొదటిరోజు మ్యాగజైన్‌లో ఒక్క తూటా మాత్రమే వెయ్యి. అది బాగా పేలితే మరొకటి, ఆ తర్వాతే రెండు. లోపలి భాగాలు అరిగిన పిస్తోలు ఒక్క నొక్కుకే రెండూ పేల్చేయవచ్చు. ఎనిమిదీ నింపే రోజు తర్వాత చూద్దాం.

రేంజ్‌కు వెళ్లే తేదీ వారం ముందు చెప్పు. రాత్రి బస్సుకు బయలుదేరితే తెల్లవారేసరికి దిగుతాను. నేను నీ వెనక కుర్చీలో కూర్చుంటాను, దాన్ని ముట్టుకోను. మ్యాగజైన్ తీసేటప్పుడు మాత్రం నాకు వినపడేలా, కుడిచెవి వైపు తిరిగి చెప్పు.

నీ చిన్నతాతయ్య