లా డిగ్రీ లేకుండా, తిరుపతిలోనే ఉండి ఐపీ కన్సల్టింగ్ చేయొచ్చా?

ప్రశ్న అడిగినవారు తిరుపతిలో మెకానికల్ బీటెక్ చేశారట. ఐపీ (మేధో సంపత్తి, అంటే పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల లాంటివి) స్ట్రాటజీ, బిజినెస్ కన్సల్టింగ్ వైపు రావాలని ఉందట. లా చదవాల్సిందేనా, బెంగళూరు వెళ్లక తప్పదా అని అడుగుతున్నారు. నాదీ మెకానికలే, నాదీ తిరుపతే. అందుకే కాస్త చనువుగా చెబుతాను.

లా చదవకపోయినా నడుస్తుంది. సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉండి 21 ఏళ్లు నిండితే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. రెండు పేపర్లు, ఒక వైవా. ఒక్కో పేపర్లో 50 మార్కులు, మొత్తం మీద 60 శాతం రావాలి. పాసైతే పేటెంట్ ఆఫీసు ముందు క్లయింటు తరఫున నిలబడొచ్చు. కోర్టులో వాదించాలంటేనే నల్లకోటు కావాలి. ఈ పరీక్షతో అసలు తలనొప్పి ఏంటంటే, ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్లకే తెలియదు. 2018లో పెట్టారు, మళ్లీ 2023లో పెట్టారు. దాన్ని నమ్ముకుని ఉన్న ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవద్దు.

బెంగళూరు మాత్రం కొన్నేళ్లు వెళ్లండి, లేదంటే హైదరాబాద్. అమెరికా, యూరప్ కంపెనీలకు పేటెంట్ సెర్చ్ చేసిపెట్టే ఆఫీసులు అక్కడే ఉన్నాయి. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా క్లెయిములు, అంటే పేటెంటులో దేనిమీద హక్కు అడుగుతున్నారో చెప్పే వాక్యాలు, చదవడమే పని. విసుగు పుడుతుంది, కళ్లు లాగుతాయి. కానీ క్లెయిము చదవడం వచ్చేది అక్కడే. మొదటి పేజీలో సారాంశం చూసి "అమ్మో, ఇది మనకు అడ్డం వస్తుంది" అని హడలిపోయేవాళ్లు ఇక్కడ బోలెడంతమంది. హక్కు ఉండేది చివరనున్న క్లెయిముల్లో, అదీ గ్రాంటైన దేశంలోనే. అమెరికాలో మాత్రమే ఉన్న పేటెంటు చూసి రేణిగుంటలో మిషన్ తయారు చేయడం ఆపేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఫారాలు నింపేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. మన వైపు లేనిది, క్లయింటు గల్లాపెట్టె పక్కన కూర్చుని డబ్బు ఎటునుంచి వస్తోందో చూసి, ఆ తర్వాత పేటెంటు గురించి మాట్లాడేవాళ్లు. మీరు అడిగిన స్ట్రాటజీ అంతా అక్కడే ఉంది. ఒక కేసు చెబుతాను.

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి పండినంత కాలం పల్ప్ ఫ్యాక్టరీలుంటాయి, ఫ్యాక్టరీలున్నంత కాలం వాటికి మిషన్లు చేసిపెట్టే లేత్ షాపులూ ఉంటాయి. అలాంటి షాపు నడిపే ఒక పెద్దాయన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. చిన్న యూనిట్లకు సరిపోయేలా టెంక తీసే మిషన్ ఒకటి చేశారు. "దీనికి పేటెంటు చేసియ్యి మ్మా, ఎవరూ కాపీ కొట్టకూడదు" అన్నాడు. మిషన్ ఎలా ఉంటుందని అడిగితే కొడుకు సంబరంగా ఫోన్ తీసి యూట్యూబ్ వీడియో పెట్టాడు. మూత విప్పి, బ్లేడు, షాఫ్టు, జల్లెడ ఒక్కొక్కటీ దగ్గరగా చూపిస్తూ, ఏది ఎటు తిరుగుతుందో చక్కగా వివరించాడు. రెండు సీజన్ల కిందటి వీడియో. కింద కోలారు నుంచి, సేలం నుంచి రేటెంత అని అడిగిన కామెంట్లు.

ఆ మిషన్‌కు పేటెంటు అక్కడితో సరి. దరఖాస్తు వేయకముందే లోకానికి చూపించేస్తే కొత్తదనం పోయినట్టే లెక్క. కేంద్రం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌లో పెడితే 12 నెలల వెసులుబాటు ఉంది, యూట్యూబ్‌కు అలాంటిదేమీ లేదు. ఇలాంటప్పుడు ఈ పని చేసేవాళ్లలో చాలామంది నోరు మెదపకుండా ఫైల్ చేసేస్తారు. వాళ్లకు ఫీజు వస్తుంది, క్లయింటుకు దరఖాస్తు నంబరు వస్తుంది, ఆయన దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుంటాడు. కొన్నేళ్లకు ఎగ్జామినరు ఆ వీడియోనే తీసి ముందు పెడతాడు.

నేను పేటెంటు మాట పక్కనపెట్టి బిల్లు బుక్కులు తెమ్మన్నాను. "బిల్లులెందుకక్కా?" అన్నాడు కొడుకు, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లను చూసినట్టు చూస్తూ. తెచ్చాక అసలు సంగతి బయటపడింది. మిషన్ మీద మిగిలేది అంతంతమాత్రం. ప్రతి సీజన్‌కు ముందు మార్చే బ్లేడ్ల మీదే మంచి లాభం. బిల్లుల్లో చాలా వరకు ఒకే డీలరు పేరు మీదున్నాయి. మిషన్‌కు కొట్టే పేరు రేకు చూపించమన్నాను. దానిమీద వీళ్లు పెట్టుకున్న పేరు ఉంది, అది పెద్దాయన తల్లి పేరు. కింద డీలరు ఫోన్ నంబరు ఉంది. వీళ్ల నంబరు లేదు.

అనుమానం వచ్చి ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో ఏడో క్లాసులో, అంటే మిషన్ల క్లాసులో, ఆ పేరు కొట్టి చూశాను. డీలరు తన పేరు మీద దరఖాస్తు వేసేశాడు, ట్రేడ్‌మార్క్ ఆఫీసు వాళ్ల జర్నల్లో కూడా వచ్చేసింది. జర్నల్లో వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 4 నెలలే గడువు. అందులో చాలా భాగం అప్పటికే కరిగిపోయింది.

"మా అమ్మ పేరు మ్మా అది" అన్నాడు పెద్దాయన. ఇంకేమీ అనలేదు.

కొడుకు ఆ సాయంత్రమే చిత్తూరు వెళ్లి అటక మీద నుంచి పాత బుక్కులు దించాడు. అన్నీ కార్బన్ కాపీలు, కొన్ని అంచులు చెదలు కొట్టినవి. వాటిలో నాకు బంగారంలా కనిపించింది బిల్లు పైన అచ్చు వేసిన టిన్ నంబరు. అది వ్యాట్ కాలం నాటి పన్ను నంబరు. జీఎస్టీ వచ్చింది 2017 జూలైలో కాబట్టి ఈ బిల్లులు అంతకు ముందువే. డీలరు పరిచయమైంది ఆ తర్వాత. మన దగ్గర ముందు రిజిస్టరు చేసుకున్నవాడి కంటే ముందునుంచి వాడుతున్నవాడిదే పైచేయి. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన తగాదాలో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. చెన్నైలో నాకు తెలిసిన లాయరు అభ్యంతరం వేశాడు, ఆన్‌లైన్లో దాని ఫీజు 2,700 రూపాయలు.

ఆ తర్వాత డీలరును పిలిచి కూర్చోబెట్టాం. మొదట గట్టిగానే మాట్లాడాడు. కాపీలు ముందు పెట్టాక మెత్తబడ్డాడు. తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు, పెద్దాయన తన పేరున కొత్తగా వేసుకున్నాడు. డీలరును తరిమేయడం నాకిష్టం లేదు, కస్టమర్లంతా అతని చేతిలోనే ఉన్నారు కదా. కొన్ని జిల్లాల్లో అమ్మే హక్కు అతనికే అని కాగితం రాయించాం. బ్లేడ్లు మాత్రం నేరుగా షాపు నుంచే, వాటిమీద ఆ పేరు చెక్కి మరీ. బ్లేడుకు ఇచ్చే హీట్ ట్రీట్‌మెంట్ వివరం ఎక్కడా రాయలేదు, అది ఇంటి గుట్టుగానే ఉంచమన్నాను. కాయలు లోపలికి పడే ఏర్పాటులో ఒక మార్పు చేశారు, అదింకా ఎవరికీ చూపలేదు. దానికి ప్రొవిజనల్, అంటే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు, వేశాం. అక్కడి నుంచి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే మొత్తం వివరణ, వేయాలి. నంబరు వచ్చేదాకా కొడుకును ఫోన్ జేబులోనే పెట్టుకోమన్నాను.

ఇంతా అయ్యాక నా బిల్లు చూసి ఆ అబ్బాయి అన్న మాట: "ట్రేడ్‌మార్క్‌కు నాలుగున్నర వేలే కదక్కా, ఆన్‌లైన్లో చూశాను." నిజమే, చిన్న పరిశ్రమకు గవర్నమెంటు ఫీజు 4,500. మన ఊళ్లలో కాగితానికి డబ్బిస్తారు, సలహాకు ఇవ్వరు. అందుకే ఫైలింగు బిల్లు వేరు, కన్సల్టింగ్ బిల్లు వేరు పెట్టండి. రెండోదానికి అడ్వాన్సు తీసుకున్నాకే బిల్లు బుక్కులు తెరవండి.

జీఐ (భౌగోళిక గుర్తింపు, ఒక ఊరి సరుకుకు ఆ ఊరి పేరు మీద ఇచ్చే హక్కు) గురించి కూడా తెగ అడుగుతారు. తిరుపతి లడ్డుకు 2009లో వచ్చింది, మాకెందుకు రాదని. ఒకాయన పుత్తూరు కట్టుకు జీఐ తెప్పించమని వచ్చాడు. ఊరూరా ఆ బోర్డు తగిలించుకుని ఎముకలు కట్టేవాళ్లను చూస్తే ఆయన కడుపుమంట న్యాయమే. కానీ మన జీఐ చట్టం సరుకులకే గానీ సేవలకు కాదు, వైద్య పద్ధతికి పేటెంటూ రాదు. పోనీ జీఐ వస్తే మాత్రం? శ్రీకాళహస్తి కలంకారీకి ఉంది. అయినా మిల్లులో అచ్చు వేసిన చీరలు అదే పేరుతో అమ్ముడుపోతూనే ఉన్నాయి. వెంటబడి కేసులు వేసేవాళ్లు లేకపోతే అది గోడ మీద సర్టిఫికెట్టే.

నా కడుపుమంట మాత్రం కాలేజీల మీద. "మేడం, గ్రాంటు అక్కర్లేదు, పబ్లిష్ అయితే చాలు, అక్రిడిటేషన్ ఫైల్లో చూపించాలి" అని ఫోన్లు చేస్తారు. ఎవరు ఏది రాసిచ్చినా దరఖాస్తు 18 నెలలకు దానంతటదే పబ్లిష్ అవుతుంది, ముందే పబ్లిష్ చేయమని అడిగే ఫారం 9 కడితే ఇంకా ముందే. అందులో గొప్పేముంది? ఒక డబ్బా బొమ్మ గీసి, ఏఐ అని తగిలించి, కింద పదిమంది ప్రొఫెసర్ల పేర్లు. ఈ పని మొదలుపెడితే నెలనెలా డబ్బు బాగానే వస్తుంది, అసలు పని మాత్రం చేతికి రాదు. కొత్తలో ఇలాంటివే ఎదురొస్తాయి, చేయకండి.

చదువుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) వాళ్ల డీఎల్-101 ఆన్‌లైన్ కోర్సు ఉచితం. గూగుల్ పేటెంట్స్, మన పేటెంట్ ఆఫీసు వాళ్ల ఇన్‌పాస్, ఈ రెండు పేటెంట్ సెర్చ్ సైట్లూ ఉచితమే. వాటితోపాటు జీఎస్టీ రిటర్ను, డీలర్ అగ్రిమెంటు చదవడం నేర్చుకోండి, ఏ ఐపీ కోర్సులోనూ అవి నేర్పరు. పేటెంట్ ఆఫీసు, జీఐ రిజిస్ట్రీ రెండూ చెన్నై గిండీలోనే ఉన్నాయి. పనిబడితే పొద్దున రైలెక్కి వెళ్లి రావచ్చు, ఆ లెక్కన కన్సల్టెంటుకు హైదరాబాద్ కంటే తిరుపతే నయం.

ఇంకొకటి, చిత్తూరు వైపు క్లయింట్లు కావాలంటే కాస్త తమిళం పట్టుకోండి. అక్కడ చాలా షాపుల్లో మనతో తెలుగులో మాట్లాడి, అసలు రేటు మాత్రం వాళ్లలో వాళ్లు తమిళంలో అనుకుంటారు.