లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మారిస్తే అబ్బాయి ఏఐలో నిలబడతాడా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఏఐ-ఎంఎల్ రెండో ఏడాది. లాప్‌టాప్‌లో 2 జీబీ ఎంఎక్స్350 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. దాంతో ప్రాజెక్టులు నడవవట. కార్డు మార్పించాలా, లక్షా ఇరవై వేలు పెట్టి గేమింగ్ లాప్‌టాప్ కొనాలా? తోటివాళ్లందరి దగ్గరా ఉన్నాయంటున్నాడు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కార్డు మారదండీ. ఎంఎక్స్350 ఊడదీసి పెట్టే కార్డు కాదు, మదర్‌బోర్డుకు టంకం వేసిన చిప్పు. దాని మెమరీ, పవర్ సర్క్యూటు, రాగి హీట్‌పైపు అన్నీ ఆ చిప్పు లెక్కకు కట్టినవే. థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టుంటే బయట కార్డు తగిలించొచ్చు గానీ డాక్ (కార్డు పెట్టే పెట్టె), కార్డు, పవర్ సప్లై కలిపి కొంటే ఖర్చు కొత్త లాప్‌టాప్ దగ్గరికే పోతుంది.

మార్చదగ్గది ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ (ఊడదీసి పెట్టే రకం) అని ఉండి, స్లాట్ ఖాళీగా కనిపిస్తే మరో 8 జీబీ వేయించండి. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అదీ టంకమే, వదిలేయండి.

ఇక ‘నడవట్లేదు’ అన్న మాట. ఇందులో చాలాసార్లు తప్పు కార్డుది కాదు, ఇన్‌స్టాల్ చేసిన తీరుది. విండోస్‌లో పైటార్చ్‌ను (ఏఐ మోడళ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మామూలు పిప్ ఇన్‌స్టాల్ కమాండ్‌తో వేస్తే గ్రాఫిక్స్ చిప్పును వాడని సీపీయూ రకమే దిగుతుంది. క్యూడా (గ్రాఫిక్స్ చిప్పుతో లెక్కలు చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేర్) ఉందా అని అడిగితే ‘ఫాల్స్’ అంటుంది, పిల్లాడు కార్డును తిట్టుకుంటాడు. పైటార్చ్ సైట్లో క్యూడా 12.6 రకం ఎంచుకోమనండి, 12.8 రకం నుంచి ఎంఎక్స్350 లాంటి పాస్కల్ తరం చిప్పుల్ని వదిలేశారు. ఎన్విడియా డ్రైవరూ 580 వెర్షన్ల వరసలోదే వేయాలి, ఈ తరానికి అదే ఆఖరిది. పాత డ్రైవర్ల చెత్త ఉంటే నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తీసేసే టూల్‌తో తుడిచి, ముందు లాప్‌టాప్ కంపెనీ సైట్లోని ఇంటెల్ డ్రైవర్, తర్వాత ఎన్విడియాది వేయాలి. నెట్ ఆన్‌లో ఉంచితే మధ్యలో విండోస్ అప్‌డేట్ తనకు తోచింది వేసేస్తుంది. చివర్లో కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్విడియా-ఎస్‌ఎంఐ కొడితే కార్డు పేరు, మెమరీ కనిపించాలి.

ఇంత చేసినా 2 జీబీలో పెద్ద మోడల్ పట్టదు, నిజమే. అందుకే కోలాబ్ ఉంది, గూగుల్ కంప్యూటర్ మీద నెట్ ద్వారా కోడ్ నడుపుకునే సైటు. ఉచితంగానే 16 జీబీ టీ4 గ్రాఫిక్స్ కార్డు దొరుకుతుంది, కాకపోతే ఎప్పుడూ ఖాళీ ఉంటుందని నమ్మకం లేదు. అలాంటిదే మరో సైటు కాగుల్‌లో గ్రాఫిక్స్ కార్డును వారానికి 30 గంటల దాకా ఇస్తారు, ఫోన్ నంబరు వెరిఫై చేస్తే చాలు. రెండో ఏడాది ల్యాబులకు ఇది ఎక్కువే.

అసలు నాకు అనుమానం లాప్‌టాప్ మీద కాదు, బ్రాంచి పేరు మీద. చాలా కాలేజీల్లో మొదటి రెండేళ్లు ఏఐ-ఎంఎల్‌కీ మామూలు సీఎస్‌ఈకీ పాఠాలు ఇంచుమించు ఒకటే. డేటా స్ట్రక్చర్స్, ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా రాకుండా ఏ కార్డు పెట్టినా ట్యుటోరియల్ కోడ్ కాపీ కొట్టి రన్ చేయడమే మిగులుతుంది. ఆ మూడూ నేర్చుకోవడానికి ఇప్పుడున్న లాప్‌టాప్ బాగా సరిపోతుంది. అబ్బాయి వెనకబడిపోతాడన్న బెంగ పెట్టుకోకండి.

మీ మీదా ఒక ఫిర్యాదుంది. తోటివాళ్ల దగ్గర ఏముందో చెబితే విన్నారు గానీ, ఏ ప్రాజెక్టు ఏ లైను దగ్గర ఆగిందో అడిగారా? లక్షా ఇరవై వేలు తీసే ముందు ఆ ప్రశ్న అడగడం మీ హక్కండీ. ఈ రాత్రే కూర్చోబెట్టి ఆ ఎర్రర్ చూపించమనండి. ‘క్యూడా అవుట్ ఆఫ్ మెమరీ’ (కార్డు మెమరీ చాలలేదని) ఉంటే కోలాబ్‌కు పంపండి, ‘ఫాల్స్’ అని ఉంటే పైన చెప్పిన వరసలో డ్రైవర్, పైటార్చ్ మళ్లీ వేయించండి. ఎర్రరే చూపించలేకపోతే ఆ లాప్‌టాప్ అడిగింది గేముల కోసమే.