కింద దారం ఉండ కడుతుంటే పైదారం చూడండి

కుట్టు మెషీన్‌లో బాబిన్ (కింద దారం చుట్టి ఉండే చిన్న చక్రం) మార్చినా వెంకటగిరి చీర అంచు మీద పువ్వు కుడుతుంటే బట్ట అడుగున దారం ఉండ కడుతోందన్నారు కదా, చాలాసార్లు తేడా బాబిన్‌లో కాదు, పైదారంలో ఉంటుంది.

1. పైదారం మొత్తం తీసేయండి.
2. ప్రెషర్ ఫుట్ (సూది దగ్గర బట్టని నొక్కి పట్టే పాదం) పైకెత్తి దారం మళ్లీ ఎక్కించండి. చాలామంది వదిలేసేది ఇదే. ఫుట్ దించి ఉంటే టెన్షన్ డిస్కులు (పైదారాన్ని బిగించి పట్టే బిళ్లలు) మూసుకునే ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగక పైపైనే జారిపోతుంది, పట్టు లేక అదంతా అడుగున పోగవుతుంది.
3. సూదిలో గుచ్చేముందు ఫుట్ దించి దారం లాగండి, బిగువుగా రావాలి. ఎత్తితే సులువుగా రావాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే దారం ఇంకా డిస్కుల్లో పడలేదు.

చీర మీద కాకుండా ముందు పాత కాటన్ ముక్క మీద కుట్టి చూడండి. ఇది చూడకుండా కావలి నుంచి నెల్లూరు దాకా రిపేరుకని మెషీన్ మోసుకెళ్లకండి.